హెలికాప్టర్ ఆగితే అడవి గుర్రాలు బతికిపోతాయా?

ఫీనిక్స్ పక్కన మేసాలో ఉంటున్న ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. నెవాడా ఎడారిలో హెలికాప్టర్ అడవి గుర్రాల మందను తరుముతున్న వీడియో చూసి వాళ్ల పన్నెండేళ్ల అమ్మాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదట. "చట్టం కాపాడుతున్న గుర్రాలను ప్రభుత్వమే ఎందుకు తరుముతోంది? హెలికాప్టర్లు ఆపమని సంతకాలు పెడితే సరిపోతుందా? వీసా మీద ఉన్నవాళ్లం, మావల్ల ఇంకేం అవుతుంది? ఒక గుర్రాన్ని దత్తత తీసుకుందామని పాప పట్టుబట్టింది, తీసుకోవచ్చా?" అని అడిగారు.

అమ్మా, నేను తిరుపతిలో పశువైద్యం చదివి, ఇరవై ఏళ్లుగా కొలరాడో పడమటి వైపు ఉంటున్నాను. అందులో పదమూడేళ్లు సెలవు రోజుల్లో అడవి గుర్రాలను లెక్కపెట్టడం, ఆడ గుర్రాలకు పిల్లలు పుట్టకుండా టీకా వేయడం నా పని. పశువుల కష్టం చూసి చూసి మనసు గట్టిపడిందనుకునేదాకా వచ్చాక కూడా, గుర్రాలను దొడ్డిలోకి తోలడం మొదటిసారి దగ్గర నుంచి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాబట్టి పాప ఏడ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

సంతకం పెట్టండి, అందులో తప్పు లేదు. కానీ హెలికాప్టర్ గాల్లోకి లేచే రోజుకి పరిస్థితి చేయి దాటిపోయి ఉంటుంది. ఆ గుర్రాన్ని కాపాడే పని అంతకు నాలుగైదేళ్ల ముందు, వీడియో తీయడానికి ఏమీ లేని రోజుల్లో జరగాలి. మిగతాదంతా ఈ మాటకు వివరణే.

ముందు చట్టం సంగతి. 1950లో నెవాడాలోని రీనోలో వెల్మా జాన్‌స్టన్ అనే ఆవిడ పొద్దున్నే కారులో ఆఫీసుకు వెళ్తోంది. ముందు వెళ్తున్న ట్రక్కులోంచి రోడ్డు మీదకి రక్తం కారుతోంది. వెంటపడి వెళ్లి చూస్తే లోపల కిక్కిరిసి అడవి గుర్రాలు ఉన్నాయి. వాటిని విమానాలతో తరిమి పట్టుకుని, పెంపుడు జంతువుల తిండి తయారీకి కబేళాకు తోలుతున్నారు. ఆవిడ ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో సెక్రటరీ, చిన్నప్పుడు పోలియో వచ్చిన మనిషి. ఆ రోజు నుంచి ఊరూరా తిరిగి మాట్లాడింది. ఎగతాళిగా పెట్టిన 'వైల్డ్ హార్స్ యానీ' అనే పేరునే తన పేరు చేసుకుంది. బడి పిల్లలు దేశం నలుమూలల నుంచి కాంగ్రెస్‌కు కట్టలు కట్టలుగా ఉత్తరాలు రాశారు. ఇది మీ పాపకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఈ చట్టం వెనక ఉన్నది ఎక్కువగా ఆ వయసు పిల్లలే. 1959లో ప్రభుత్వ భూముల్లో విమానాలు, మోటారు బండ్లతో గుర్రాలను వేటాడటాన్ని, వాటి నీటి గుంటల్లో విషం కలపడాన్ని నిషేధించారు. 1971 డిసెంబరు 15న నిక్సన్ సంతకంతో అసలు చట్టం వచ్చింది. అడవి గుర్రాలను, గాడిదలను చంపినా, పట్టినా, వేధించినా నేరం. దీన్ని న్యూ మెక్సికో సవాలు చేస్తే 1976లో సుప్రీంకోర్టు చట్టం వైపే నిలబడింది.

మరి హెలికాప్టర్ ఎక్కడి నుంచి వచ్చింది? అదే 1976లో ప్రభుత్వ భూముల నిర్వహణ మీద వచ్చిన ఇంకో చట్టం, ప్రభుత్వం తన పనికి హెలికాప్టర్ వాడుకోవచ్చంది. 1978 సవరణ 'భూమి మోయగలిగిన దానికన్నా ఎక్కువైన గుర్రాలను' తీసేయమంది. అంటే గుర్రాన్ని కాపాడమన్న చట్టమే, సంఖ్య మించితే తీసేయమని కూడా చెప్తోంది. మీరు చూసిన వీడియో చట్టాన్ని ఉల్లంఘించినది కాదు, చాలావరకు ఆ చట్టం కిందే జరిగినది. సోషల్ మీడియాలో ఈ ఒక్క ముక్క వదిలేసి మిగతా అంతా మాట్లాడతారు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 1971 చట్టం అన్ని ప్రభుత్వ భూములకూ వర్తించదు. భూ నిర్వహణ బ్యూరో, అంటే బీఎల్ఎం, ఇంకా ఫారెస్ట్ సర్వీస్ భూములకే అది. నేషనల్ పార్కుల్లో, గిరిజన జాతుల భూముల్లో ఉన్న గుర్రాలకు వేరే లెక్క. మీ ఇంటికి దగ్గర్లో సాల్ట్ రివర్ ఒడ్డున తిరిగే గుర్రాలనే చూడండి. అవి టోంటో అటవీ భూమిలోనే ఉన్నా, ఆ చట్టం కింద గుర్తించిన మంద కాదు. అందుకే 2015లో వాటిని ఊరిమీద వదిలేసిన పశువుల కింద లెక్కగట్టి పట్టుకుపోతామని నోటీసు ఇచ్చారు. జనం గట్టిగా అడ్డుపడ్డారు, నోటీసు వెనక్కి పోయింది, 2016లో ఆరిజోనా రాష్ట్రమే వాటికోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. కాబట్టి ఏ గుర్రం గురించి పోరాడాలన్నా ముందు అడగాల్సింది "అది ఎవరి భూమిలో ఉంది?" అని. మన దేశంలో అస్సాంలోని డిబ్రూ సైఖోవాలో రెండో ప్రపంచ యుద్ధం నాటి సైన్యపు గుర్రాల సంతతి బ్రహ్మపుత్ర లంకల్లో అడవి గుర్రాలై తిరుగుతోంది. అడవి జంతువా, తప్పిపోయిన పెంపుడు జంతువా అనే తగవు వాటికీ ఉంది.

ఇక అంకెలు. గుర్రాలు, గాడిదలు కలిపి తన భూములు పాతిక వేల అయిదు వందల పైచిలుకును మాత్రమే మోయగలవని బీఎల్ఎం అంటుంది. 2020లో అవి 95 వేలు దాటాయి. పెద్దయెత్తున పట్టుకున్నాక 2024 మార్చి లెక్కకు 73,520 అయ్యాయి. అందులో సగం దాకా నెవాడాలోనే. పట్టుకున్నవి, ఎవరూ తీసుకోనివి ఇంకో అరవై వేల పైచిలుకు దొడ్లలో, అద్దె పచ్చిక బయళ్లలో ఉన్నాయి. మన ఊళ్లో బందెలదొడ్డి గుర్తుందా? పొలం మేసిన గేదెను తోలితే సాయంత్రానికి యజమాని వచ్చి జరిమానా కట్టి విడిపించుకునేవాడు. ఈ బందెలదొడ్డికి వచ్చి విడిపించే యజమాని లేడు. చాలా గుర్రాలు మిగతా బతుకంతా అక్కడే గడుపుతాయి. ఈ కార్యక్రమానికి ఏటా పెట్టే పద్నాలుగు, పదిహేను కోట్ల డాలర్లలో మూడింట రెండు వంతులు వాటిని మేపడానికే పోతుంది. టీకాకు దక్కేది అడుగూ బొడుగూ.

మంద ఏటా పదిహేను నుంచి ఇరవై శాతం పెరుగుతుంది. అక్కడక్కడా ప్యూమా అనే కొండ సింహం గుర్రపు పిల్లలను పట్టుకుంటుంది తప్ప వాటిని వేటాడే జంతువు దాదాపు లేదు. వంద గుర్రాలున్న కొండ మీద నాలుగైదేళ్లకు రెండు వందలవుతాయి. నూటయాభైని పట్టుకుపోతే మిగిలిన యాభైకి మేత పుష్కలంగా దొరికి మళ్లీ అదే వేగంతో పెరుగుతాయి. 2013లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నిపుణుల సంఘం ఇదే చెప్పింది. పట్టుకుపోవడమే పనిగా పెట్టుకుంటే పట్టుకుపోతూనే ఉండాలి, టీకాల వైపు తిరగండి అంది. 'సరైన సంఖ్య' ఎలా తేల్చారో బీఎల్ఎం స్పష్టంగా చూపడం లేదని కూడా అంది.

ఆ సంఖ్య దగ్గరే నాకు మంట. అవే భూముల్లో ఆవులు, గొర్రెలు కూడా మేస్తాయి. ఒక ఆవు, దాని దూడ నెల రోజులు మేసినందుకు పశువుల యజమాని కట్టే పుల్లరి 2019 నుంచి 2025 దాకా డాలరు ముప్పై అయిదు సెంట్లు. పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణం ఇచ్చింది పుల్లరి భారం మీద. ఇక్కడ సమస్య తిరగేసి ఉంది. పుల్లరి ఎంత చవకంటే కొండ మీద గడ్డి అసలు విలువ ఎవరికీ కనపడదు. అలాగని పశువుల యజమానులందరినీ దుర్మార్గులనడం న్యాయం కాదు. నాకు తెలిసిన ఒక ముసలాయన కరువు వచ్చిన ఏడు తన ఆవులను నెల ముందే దించేసి, ట్యాంకరుతో తొట్టిలో నీళ్లు పోయించాడు, గుర్రాలు కూడా తాగుతాయని తెలిసే. అడగాల్సింది మనిషిని కాదు, లెక్కను. ఈ కొండ మీద గడ్డి ఎంత, అందులో ఆవులకు ఎంత రాశారు, గుర్రాలకు ఎంత రాశారు? ఈ మూడు అంకెలూ ఒకే కాగితం మీద చూపమనండి.

"మనిషి చేయి పెట్టకుండా వదిలేస్తే ప్రకృతే చూసుకుంటుంది కదా" అని చాలామంది మంచివాళ్లు అంటారు. 2018 మే నెలలో మీ రాష్ట్రంలోనే, నవాహో గిరిజన జాతి భూమిలో గ్రే మౌంటెన్ దగ్గర, ఎండిపోతున్న నీటి గుంటలో దాదాపు 191 గుర్రాలు చచ్చిపోయాయి. నీళ్ల కోసం దిగి, తొడల లోతు, మెడ లోతు బురదలో కూరుకుపోయి, బయటకు రాలేక. ప్రకృతి చూసుకోవడమంటే కరువు ఏడాదిలో అదీ. ఎండిపోయిన గుంట దగ్గర నిలబడి చూసినవాళ్లు ఆ మాట మళ్లీ అనరు.

అందుకే నేను టీకా పక్షం. పేరు పీజెడ్‌పీ. పంది అండాల చుట్టూ ఉండే పొర నుంచి తీసిన ప్రోటీన్ అది. గుర్రం ఒంట్లోకి వెళ్తే దానికి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు తన అండానికి కూడా అంటుకుని వీర్యకణాన్ని చేరనివ్వవు. హార్మోన్లతో పని లేదు. గుర్రం మందలోనే ఉంటుంది, మామూలుగానే తిరుగుతుంది, ఆ ఏడు చూలు కట్టదు, అంతే. మేరీల్యాండ్ తీరంలో అసటీగ్ ద్వీపంలో 1994లో నేషనల్ పార్క్ సర్వీస్ దీన్నే వాడటం మొదలుపెట్టింది. అక్కడ హెలికాప్టర్ లేదు, దొడ్డి లేదు. పైగా ఏటా ఈనే బాధ తప్పిన ఆడ గుర్రాలు అంతకు ముందుకన్నా చాలా ఎక్కువ కాలం బతుకుతున్నాయి. అక్కడ దీనికి బాట వేసిన శాస్త్రవేత్త జే కిర్క్‌పాట్రిక్ మోంటానాలోని బిల్లింగ్స్‌లో నెలకొల్పిన కేంద్రంలోనే నేనూ శిక్షణ తీసుకున్నాను.

పని ఎలా ఉంటుందో చెప్తాను, పాపకు చదివి వినిపించండి. పొద్దున అయిదింటికి ట్రక్కు దిగుతాం. టీకా గడ్డకట్టిన స్థితిలో ఉంటుంది. కరిగాక దాన్ని, ఇంకో మందును రెండు సిరంజీల్లో తీసుకుని, మూతులు కలిపి, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వంద సార్లు తోస్తాం. మజ్జిగలాంటిది చిక్కబడి వెన్నలా అయ్యేసరికి చలికి మొద్దుబారిన బొటనవేళ్లు నొప్పెడతాయి. మోతాదు ఒక్క మిల్లీలీటరు. దాన్ని డార్టులో నింపి, గాలి తుపాకీలో పెట్టుకుని, నీటి మడుగుకు పక్కగా జూనిపర్ చెట్ల మధ్య కూర్చుంటాం. తర్వాత పని ఎదురుచూపే. నాలుగు గంటలు ఎదురుచూసి ఒక్క డార్టు కూడా వేయకుండా తిరిగొచ్చిన రోజులు బోలెడు.

మా పుస్తకంలో ప్రతి ఆడ గుర్రానికీ ఒక పేజీ ఉంటుంది. ఒంటి రంగు, ముఖం మీద మచ్చ, ఏ కాలికి తెల్ల సాక్సు ఉంది, జూలు ఏ వైపు పడుతుంది, నుదుటి మీద సుడి ఎక్కడుంది. సుళ్లు చూసి ఎద్దును గుర్తుపట్టే మా తాతను చూసి పెరగడం నాకు అక్కడ పనికొచ్చింది. ఒక ఎర్ర గోడిగ ఉండేది, నుదుట తెల్లటి బొట్టు. పుస్తకంలో దానికి నంబరే, నేను మాత్రం చుక్క అని పిలుచుకునేదాన్ని. దానికి మొదటి డార్టు తొడ కండలో సరిగ్గా దిగింది. అది ఒక్క గెంతు గెంతి, వెనక్కి తిరిగి చెట్లవైపు చూసి, ఈగ కుట్టిందన్నట్టు తోక ఝాడించి, మళ్లీ నీళ్లు తాగింది. డార్టు ఊడి సేజ్ పొదల్లో పడింది. పడినదాన్ని వెతికి తీయాల్సిందే, అది మా నియమం. రెండు గంటలు మోకాళ్ల మీద పాకితే దొరికింది. కొన్ని వారాలకు రెండో డోసు, ఆ తర్వాత ఏటా ఒకటి. చుక్క అప్పటికే ఏటా ఒక పిల్లను ఈని చిక్కి శల్యమై ఉంది, పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. రెండేళ్లకు దాని వీపు మీద చేయి జారేంత నునుపు వచ్చింది. పందొమ్మిదో ఏట, తను పుట్టిన కొండ మీదే పోయింది.

ఇందులో లోపాలు లేవనను. ఏటా వేయాలి, మనుషులు కావాలి. వరసగా చాలా ఏళ్లు వేస్తే కొన్ని గుర్రాలకు మళ్లీ చూలు నిలవడానికి ఎక్కువ కాలం పడుతుంది, అందుకే ఎవరికి ఎప్పుడు ఆపాలో కూడా పుస్తకమే చెప్పాలి. మనిషిని చూస్తే మైలు దూరం పారిపోయే మందలున్న లక్షల ఎకరాల్లో డార్టు తుపాకీతో తిరిగితే లాభం లేదు. అలాంటి చోట నీళ్లు, ఉప్పు, గడ్డి ఎర పెట్టి కంచెలోకి వాటంతట అవి వచ్చేలా చేసి, టీకా వేసి వదిలేయొచ్చు. దానికి వారాలు పడుతుంది, హెలికాప్టర్‌కు రోజులు చాలు. ఆ తొందరకు ధర గుర్రాలే కడతాయి. గోనెగుడ్డ కంచెలు రెండు వైపులా గరాటులా కట్టి, మూతి దగ్గర శిక్షణ ఇచ్చిన గుర్రాన్ని వదులుతారు. మన వేటగాళ్లు దీమం అంటారే, అదే. అది లోపలికి పరిగెడుతుంది, భయంతో వస్తున్న మంద దాని వెంటే వెళ్తుంది. ఆ వేగంలో కాళ్లు విరుగుతాయి, తల్లి నుంచి పిల్ల తప్పిపోతుంది. ఆ తర్వాత దొడ్లలో కిక్కిరిసి ఉండటం. 2022 వసంతంలో మా రాష్ట్రంలోనే క్యానన్ సిటీ దొడ్డిలో గుర్రాల ఫ్లూ వచ్చి నూట నలభైకి పైగా చనిపోయాయి.

ఇప్పుడు మీరేం చేయగలరన్నది. గుర్రాలను పట్టాలన్నా, టీకా వేయాలన్నా సాధారణంగా బీఎల్ఎం ముందు ఒక ముసాయిదా పెట్టి, నెల రోజులు అభిప్రాయాలు అడుగుతుంది. దానికి పౌరసత్వం అక్కర్లేదు, వీసా మీద ఉన్నవాళ్లూ రాయొచ్చు. కానీ ఒకే మాట కాపీ చేసి పదివేల మంది పంపితే అది ఒక్క అభిప్రాయం కిందే లెక్క. మీ మాటల్లో, ఆ కొండ గురించే రాయండి. గత అయిదేళ్లలో ఎన్ని ఆడ గుర్రాలకు టీకా వేశారు? సంఖ్యను ఏ ఏడాది సర్వే మీద తేల్చారు? అదే భూమిలో పశువులకు ఎంత మేత కేటాయించారు? నీటి మడుగులు ఎన్ని, ఎన్నింటికి కంచె అడ్డం ఉంది? ఇలాంటి ప్రశ్నకు వాళ్లు కాగితం మీద జవాబు ఇవ్వాల్సి వస్తుంది. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే పనికొచ్చేది ఆ కాగితమే. నాకు తెలిసిన ఒక కొండ మీద ఒక రిటైర్డ్ టీచరమ్మ నీటి మడుగుల గురించి రాసిన రెండు పేజీలు, వేల సంతకాల కన్నా ఎక్కువ పని చేశాయి.

దత్తత గురించి గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఇప్పుడు వద్దు. లొంగని పెద్ద గుర్రానికి కనీసం నాలుగు వందల చదరపు అడుగుల దొడ్డి, ఆరడుగుల కంచె కావాలి. ఎండుగడ్డి, ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించడం, డాక్టరు, అన్నిటికన్నా ముందు దాన్ని మాలిమి చేయగల మనిషి కావాలి. ఏడాది గడిచి తనిఖీ అయ్యేదాకా అది ప్రభుత్వానిదే, ఆ తర్వాతే మీ పేరు మీద పత్రం ఇస్తారు. ముచ్చటపడి తీసుకుని, మోయలేక అమ్మేస్తే ఆ గుర్రం సంతకు పోతుంది. సంత నుంచి మెక్సికో, కెనడా కబేళాలకు దారి ఉంది, ఎందుకంటే 2007 నుంచి అమెరికాలో గుర్రాల కబేళాలు లేవు. దత్తత తీసుకుంటే వెయ్యి డాలర్లు ఇస్తామని 2019లో ఒక పథకం పెడితే, డబ్బు చేతికొచ్చాక గుర్రాలను ఆ సంతలకే తోలినవాళ్ల సంగతి 2021లో బయటపడింది. చివరికి 2025లో ఫెడరల్ కోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. పాప ముందు గుర్రాల శాలలో రెండేళ్లు పేడ ఎత్తి, గిట్టలు పట్టుకోవడం నేర్చుకోనివ్వండి. అప్పటికీ కావాలంటే మళ్లీ అడగండి, నేనే దగ్గరుండి చూసి పెడతాను.

ఈలోగా సాల్ట్ రివర్‌కు తీసుకెళ్లండి. పొద్దున్నే వెళ్తే గుర్రాలు చెవుల దాకా తల నీళ్లలో ముంచి అడుగున ఉన్న గడ్డి మేస్తూ కనపడతాయి. అక్కడి స్వచ్ఛంద సంఘం వాటికి ఈ టీకానే వేస్తోంది, కొత్త పిల్లలు ఇప్పుడు చాలా తక్కువ. దూరంగా ఉండండి. యాపిల్, క్యారెట్ ఏదీ పెట్టకండి. చేతి తిండి మరిగిన గుర్రం కార్ల దగ్గరికి వస్తుంది, రోడ్డు మీద చస్తుంది. మా దగ్గర ఒక పిల్లను అలాగే పోగొట్టుకున్నాం. దానికి మొదటి యాపిల్ పెట్టినవాళ్లు కూడా ప్రేమతోనే పెట్టి ఉంటారు. కుక్క ఉంటే ఇంట్లో వదిలి రండి.

పాప చేతికి ఒక గీతల నోటుబుక్కు, పెన్సిలు, బైనాక్యులర్స్ ఇవ్వండి. గుర్రానికి ఒక పేజీ. కుడి వైపు, ఎడమ వైపు, ముఖం, మూడు బొమ్మలు. బొమ్మ బాగా రాకపోయినా పర్వాలేదు, మచ్చ ఉన్న చోటు సరిగ్గా పడితే చాలు. తారీఖు రాయమనండి, పక్కన ఏ గుర్రం ఉందో రాయమనండి. పది పేజీలు నిండాక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఎక్కడ సరిచేసుకోవాలో నేను చెప్తాను.